జేబులో చెవి

మా ఇంట్లో టీవీ సౌండు గురించి రోజూ ఏదో ఒక గొడవ. నాకు సరిపోయేంత పెడితే పక్కింటివాళ్ళు గోడ మీద కొడతారు, వాళ్ళకు సరిపోయేంత పెడితే నాకు బొమ్మలే మిగులుతాయి. చివరికి మా తమ్ముడు విసిగిపోయి, మొన్నొక పొద్దున మేముండే కుంభారి నుంచి స్కూటర్ మీద నన్ను సోలాపూర్ తీసుకెళ్ళి, చెవుల పరీక్ష చేసే చోట కూర్చోబెట్టాడు.

పరీక్ష చేసిన అమ్మాయి నా మనవరాలి ఈడుది. తెల్లటి డబ్బీ తెరిచి, చిక్కుడు గింజంత మిషను తీసి నా చెవి వెనకాల పెట్టింది. దానికి మీట లేదు, తిప్పే చక్రం లేదు. ఆమె తన ఫోను మీద వేలు అటూ ఇటూ జరుపుతుంటే ఇక్కడ నా చెవిలో ఫ్యాను చప్పుడు పెరిగింది, తగ్గింది. లోపలున్న చిప్ మనిషి మాటనూ బయటి రొదనూ వేరు చేసి, మాటను మాత్రమే పెద్దది చేస్తుందని వివరించింది. నేను తల ఊపాను. ఆమె మా తమ్ముడి వైపు తిరిగి మరాఠీలో చెప్పింది: "కాకా, అరవకండి. ఈమెతో మీరు రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి."

తమ్ముడు నా వైపు చూశాడు. వాడి జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళు నొప్పులంటాడు, అయినా ఆ చూపు మాత్రం ఇదే సోలాపూర్‌లోని దాజీ పేట్ ఇంట్లో నాతో కలిసి దొంగపనులు చేసిన పిల్లవాడిదే. ఆ మాట మేమిద్దరం ఇంతకుముందు ఒకసారి విన్నాం. అప్పుడు చెప్పినాయన వేరు, చెవి కూడా వేరు.

దాజీ పేట్‌లో మా ఇల్లంటే రెండు గదులు. పేటలో ఎక్కువమంది మాలాంటి తెలుగు నేతవాళ్ళే. ముందు గదిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వెనక గదిలో మేము. మధ్యలో తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. పొద్దున మా నాన్న, బాపు, మీట వేశాడంటే వెనక గదిలో గిన్నెలు కూడా సన్నగా వణికేవి. గంజి పట్టిన నూలు వాసన, మిషను నూనె వాసన, అమ్మ ఒళ్ళోని బీడీల చాటలో ఉన్న తంబాకు వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఏ ఊరెళ్ళినా మా బట్టల్లోంచి అదే వచ్చేది. బళ్ళో మా బెంచీ మీద కూర్చునే పిల్లలందరిదీ అదే వాసన గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ చప్పుడులో గొంతెత్తి మాట్లాడటం దండగ. సాంచాల మధ్య బతికేవాళ్ళు గొంతు అసలు వాడరు. పెదవులు విడమర్చి నిదానంగా కదుపుతారు, అవతలివాళ్ళు ఆ పెదవులను చదువుకుంటారు. దానికి తోడు చేతి సైగలు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాలి. అన్నానికి పిలవాలంటే అయిదు వేళ్ళు నోటి దగ్గరకు. నూలు ఇచ్చే సేటు గల్లీ మొదట్లో కనిపించాడంటే పొట్ట ముందు గాలిలో గుండ్రంగా చేయి తిప్పాలి. ఆ సైగ సేటుకు కూడా తెలుసని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

బాపు చిన్నప్పుడే మిల్లులో మగ్గాల ఖాతాలో, అంటే నేత విభాగంలో, చేరాడు. తర్వాత సొంత సాంచాలు పెట్టుకున్నాడు. చెవులు కొంచెం కొంచెంగా పోతూ వచ్చాయి. నేను పుట్టకముందు ఒక పెద్ద జ్వరం వచ్చి, మిగిలినదాన్ని కూడా చాలావరకు ఊడ్చుకుపోయింది. ఇంట్లో దీన్ని ఎవరూ పెద్ద కష్టంగా చెప్పుకోలేదు. సాంచాలు ఆడుతుంటే అందరూ చెవిటివాళ్ళే కదా. అవి ఆగిన తర్వాత కూడా మేము బాపుతో పెదవులతోనే మాట్లాడేవాళ్ళం. నేనూ తమ్ముడూ మాటలు నేర్చుకునేటప్పుడే రెండు రకాలుగా నేర్చుకున్నాం. అమ్మతో, నాయనమ్మతో, గల్లీ పిల్లలతో గొంతుతో. బాపుతో గొంతు లేకుండా. ఎవరూ చెప్పి నేర్పింది కాదు, ఇందులో వింత ఉందని కూడా ఎవరికీ తోచలేదు. బాపు మాత్రం మాతో గొంతుతోనే మాట్లాడేవాడు, కాస్త పెద్దగా, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా.

దీనివల్ల మాకు లాభాలు చాలా ఉండేవి. బాపు వీపు వెనక ఏమైనా అనొచ్చు. ఎదురుగా కూర్చున్నా, అప్పడంలా గట్టిగా ఉండే కడక్ రొట్టె ముక్క నోటికి అడ్డం పెట్టుకుంటే చాలు. నాయనమ్మ దంచిన పల్లీల చట్నీ, జొన్న రొట్టె తింటూ, ఆ రొట్టె చాటున తమ్ముడూ నేనూ బడి ఎగ్గొట్టి సినిమాకు పోయే ఏర్పాట్లు చేసుకునేవాళ్ళం. ఒకసారి గోడకున్న అద్దంలో మా పెదవులు చదివేసి, బాపు తాపీగా, "సిన్మా మంచిగుంటే నాగ్గూడ చెప్పుండ్రి," అన్నాడు. ఆ తర్వాత మేము అద్దం ఉన్న గోడ వైపు తిరిగి కూర్చోలేదు.

ఒక సాయంత్రం సాంచాలు ఆగాయి. అమ్మ, నాయనమ్మ బీడీలు చుడుతున్నారు. తడి గోనెలో చుట్టిన తునికాకు తీయడం, కత్తెరతో కోయడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, నోళ్ళు ఊరంతా తిరుగుతుంటాయి. బాపు టీ గ్లాసు పట్టుకుని గోడకానుకుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఉన్నట్టుండి అమ్మతో అన్నాడు: "పిల్లల మొకాలెరుక. ఎవల పెదవి ఎట్ల తిరుగుతదో ఎరుక. గొంతులే ఎరుక లేవు. ఒక్కపారి వినాలె."

అమ్మ కత్తెర ఆగలేదు గానీ ఆ ఆకు వంకరగా తెగింది. బాపు తనకంటూ ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అదే మొదలు.

చౌక్ దగ్గర రేడియోలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. పేటంతా ఆయన్ని రేడియోవాలా అనేది. ఆయనకు తెలుగు రాదు. మాతో హిందీ, మిగతావాళ్ళతో మరాఠీ. బాపు నేసిన చద్దర్ దుప్పటి ఆయన కుర్చీ మీద పరిచి ఉండేది, ఇద్దరికీ స్నేహం అలా కుదిరింది. దుకాణంలో ఎప్పుడూ సోల్డరింగ్ పొగ వాసన. ఒక మూలన పాతకాలపు పెద్ద రేడియోలు, వాటి కడుపులో గాజు వాల్వులు. మీట వేశాక అవి ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు గానీ పాట వచ్చేది కాదు. మా గల్లీలో ఒక ఇంట్లో అలాంటిది ఉండేది. వార్తలు వినాలంటే ముందుగా పోయి దాన్ని కాచాలనేది నాయనమ్మ. ఆ పక్కన ట్రాన్సిస్టర్లు, తోలు సంచులు తొడుక్కుని సైకిల్ హ్యాండిల్‌కు వేలాడే రకం. ఇక బల్ల మీద గాజు పలక కింద ఆయన గొప్పగా దాచుకునేది వేరే ఉంది. నల్లగా, గోరంత, రెండు వైపులా వరుసగా కాళ్ళు.

చిప్ అనే మాట మా పేటకు అప్పటికి రాలేదు. ఆయన దాన్ని ఐసీ అనేవాడు. నాయనమ్మ మాత్రం చూడగానే జెర్రి అంది, ఆ తర్వాత మా ఇంట్లో అదే పేరు స్థిరపడిపోయింది. ఆయన దాన్ని పట్టకారుతో ఎత్తి, ఆ మూలనున్న పెద్ద రేడియో చేసే పని చాలావరకు ఇదొక్కటే చేస్తుందని హిందీలో చెప్పాడు. నాయనమ్మ నన్ను తర్జుమా చేయమని, విని, "జెర్రి కడుపుల గంత పని ఎట్ల వడ్తది?" అని అడిగింది. ఆయన నవ్వాడు. దాన్ని మళ్ళీ గాజు పలక కింద పెట్టేశాడు.

ఆ జెర్రి పేటలోకి ఒక్కసారిగా రాలేదు. మొదట ఒక కుర్రవాడి చేతి గడియారంలో వచ్చింది. బొత్తాం నొక్కితే నల్లటి అద్దంలో ఎర్ర అంకెలు వెలిగేవి. గల్లీ అంతా వాణ్ణి రోజంతా టైము అడిగి అడిగి బ్యాటరీ చంపేసింది. తర్వాత బీడీ కార్ఖానా గుమాస్తా బల్ల మీద లెక్కల మిషనుగా వచ్చింది. ఆ తర్వాత సేటు ఇంటి తలుపు గంటలోకి వచ్చింది. ఆ గంట ఒకసారి నొక్కితే పాట మొదలవుతుంది, పూర్తయ్యేదాకా ఎవరు చెప్పినా ఆగదు. నొక్కి పారిపోవడానికి అంతకన్నా మంచి వస్తువు మా బాల్యంలో మాకు దొరకలేదు.

ఒకసారి రేడియోవాలా బొంబాయి నుంచి వస్తూ చెవి మిషను ఒకటి తెచ్చాడు. బాపు కోరిక ఎవరు చెప్పారో నాకు తెలియదు, అమ్మే చెప్పి ఉంటుంది. అది సిగరెట్టు పెట్టె అంత ఉంది. చొక్కా జేబుకు తగిలించుకునే క్లిప్పు, పక్కన చిన్న చక్రం, అందులోంచి ఒక తీగ, తీగ చివర చెవిలో దూర్చుకునే బిళ్ళ. బాపుతో నేనూ తమ్ముడూ వెళ్ళాం. రేడియోవాలా దాన్ని బాపు చెవికి పెట్టి, చక్రం తిప్పి, "క్యా భాయ్, సునాయి దియా?" అన్నాడు. మాట వినబడి బాపు కుర్చీలో కొంచెం పైకి లేచాడు. మొహమంతా నవ్వు.

రేడియోవాలా జాగ్రత్తలు చెప్పాడు. సాంచాలు ఆడేటప్పుడు పెట్టుకోవద్దు, చెవికీ మంచిది కాదు, దూది నూగు లోపలికి పోతుంది. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, పని లేనప్పుడు ఆపేయాలి. నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే శనివారం తాను మళ్ళీ బొంబాయి వెళ్తున్నాడు, తిరిగి ఇచ్చేయాలి, అక్కడ ఇంకొకళ్ళు దీని కోసం ఎదురుచూస్తున్నారు. చివరగా నా వైపు, తమ్ముడి వైపు వేలు చూపిస్తూ, ఇంట్లో ఎవరూ అరవొద్దన్నాడు. "రోజ్ జైసా బోల్తే, వైసాచ్ బోలో," అంటే రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడమని. మేము బుద్ధిగా తల ఊపాం. ఇంటికి పోయి ఆ మాట అమ్మకూ నాయనమ్మకూ కూడా చెప్పాం.

ఆ సాయంత్రం సాంచాలు ఆపి, బాపును వెనక గది మధ్యలో కూర్చోబెట్టాం. తమ్ముడు అప్పటికే దానికి జేబు చెవి అని పేరు పెట్టేశాడు. బాపు చక్రం తిప్పగానే నాయనమ్మ చేయి అడ్డం పెట్టింది. "జర ఆగుండ్రి, కాగనీయుండ్రి," అని మాకు గుసగుసగా చెప్పింది. రేడియోలాగే దీన్నీ కాచాలని ఆమె లెక్క. మేమంతా ఊపిరి బిగబట్టుకుని ఆ పెట్టె కాగే దాకా కూర్చున్నాం.

ముందు నాయనమ్మ మాట్లాడింది, కొడుకు కదా. వినబడుతోందా అని అడిగింది. బాపు తల అడ్డంగా ఊపాడు. అమ్మ చాయ్ తాగుతావా అంది. బాపు తాగుతానన్నాడు, కానీ వినబడలేదన్నాడు. తమ్ముడు, తనకు సైకిల్ కావాలన్నాడు. ఇప్పుడు కాదని జవాబు వచ్చింది, వినబడలేదని కూడా వచ్చింది. నేను నా పేరు చెప్పాను. బాపు నా పెదవుల వైపు ఆశగా చూసి, చక్రం ఇంకాస్త తిప్పి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. రేడియోవాలా చెప్పినట్టే అందరం రోజూ ఎలా మాట్లాడతామో అలాగే మాట్లాడాం.

కత్తెర పక్కన పెడుతున్న అమ్మ చేతి వైపు బాపు గభాలున తిరిగాడు. "గిది వినవడ్డది," అన్నాడు. పక్కింటివాళ్ళు స్టవ్వు పంపు కొడుతుంటే అది ఏమిటని అడిగాడు. కిటికీ మీద పిచ్చుక అరిస్తే నవ్వాడు. ఆ తర్వాత మా నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, "కత్తెర వినవడ్తుంది, పిట్ట వినవడ్తుంది. మీరే వస్తలేరు," అన్నాడు.

మర్నాడు పొద్దున పాలు పోసే మరాఠీ ఆయన వచ్చాడు. బాపు మిషను పెట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. పాలాయన, "కాయ్ శేఠ్, ఐకూ యేతం కా?" అన్నాడో లేదో, వినబడుతోందని బాపు మరాఠీలో గట్టిగా జవాబిచ్చాడు. అది చూసి నాయనమ్మ వెనక గదిలోకి వచ్చి, చాట ముందేసుకుని కూర్చుని, తీర్పు చెప్పింది.

"గది బొంబాయిది. దానికి హిందీ వస్తది, మరాఠీ వస్తది. తెలుగు ఎవడు నేర్పిండు దానికి?"

ఎవరూ నవ్వలేదు. ఆలోచిస్తే మాకది సబబుగానే తోచింది. రేడియోలో కూడా మరాఠీ మాట శుభ్రంగా వచ్చేది, హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు మాట మాత్రం ఎక్కడో దూరాన, గరగరల మధ్య మునిగి తేలుతుండేది. మిషన్లకు తెలుగు అంతంతమాత్రమే అని మాకు ముందునుంచీ అనుమానం ఉంది. ఆ సాయంత్రం నాయనమ్మ పట్టుదలగా కొడుకు ముందు కూర్చుని, పెదవులు బాగా సాగదీసి, మరాఠీలో అన్నం తిన్నావా అని అడిగింది. బాపుకు అర్థమై పొట్ట పట్టుకుని నవ్వాడు, కానీ వినబడలేదు. "మరాఠీల మాట్లాడినా తెలుగోళ్ళ నోరని పట్టేసింది," అంది నాయనమ్మ, మా వైపు తిరిగి గుసగుసగా.

బాపు రేడియోవాలా దగ్గరికి పోయి, తెలుగు వచ్చే మిషను దొరుకుతుందా అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. రేడియోవాలా ముందు ఎగతాళి అనుకున్నాడు. తర్వాత బాపు మొహం చూసి, మిషను మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని, ఐసీకి భాష ఉండదని చెప్పాడు. ఇంట్లోవాళ్ళ మాట మాత్రమే ఎందుకు వినబడటం లేదో ఆయనకు అంతుపట్టలేదు. మిషను తప్పు కాకపోతే చెవి తప్పు అయి ఉండాలన్నాడు. శనివారం దాకా చూడమన్నాడు.

బాపు ఇంటికొచ్చి మిషనును రుమాలులో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. అన్నం తినేటప్పుడు, దాన్ని ఇచ్చేయకుండా ఉంచుకుందామని అమ్మ పెదవులతో అంది. "పిట్టల కోసం గంత మిషనెందుకే," అన్నాడు. చట్నీ వడ్డించబోతే వద్దన్నాడు. ఆ రోజు నాకు నా గొంతు మీదే కోపం వచ్చింది, అదేదో పనికిరానిదైనట్టు. అందరికీ వినబడే గొంతు మా బాపుకు ఒక్కడికే ఎందుకు వినబడదో ఎవరిని అడగాలో తెలియలేదు.

శనివారం కరెంటు కోత. పేటలో సాంచాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఇలాంటి రోజున దాజీ పేట్‌లో ఎక్కడి మాట అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. బాపు ఉతికిన చొక్కా వేసుకుని మిషను ఇచ్చి రావడానికి బయల్దేరాడు. పోయేముందు పిట్టల చప్పుడు ఇంకొక్కసారి విందామని చెవికి పెట్టుకున్నాడట. ఇదంతా తర్వాత అమ్మ చెప్పింది. నేను అప్పుడు వెనక గోడ అవతల నల్లా దగ్గర పక్కింటి పిల్లతో బిందె కోసం కొట్లాడుతున్నాను.

"నా బిందె పొద్దుగాల్నుంచి ఈడనే ఉంది. నువ్వు గిప్పుడొచ్చి ముందల పెడ్తవా? మాగే సరక్, ఎన్కకు జరుగు. లేకుంటే నీ బిందె నాలీల వడ్తది."

లోపల బాపు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "ఎవల పిల్లనే అది? మస్తు కొట్లాడ్తుంది," అని అమ్మను అడిగాడు. మన పిల్లేనని అమ్మ పెదవులతో చెప్పింది. బాపు నమ్మలేదు. తన ప్రశ్న అమ్మకు అర్థం కాలేదనుకున్నాడు. "గట్ల కాదే. గా గొంతు ఎవలదంటున్న," అంటూ వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

బాపును చూడగానే నేను గప్‌చుప్‌గా నిలబడ్డాను. ఇక్కడ ఎవరు మాట్లాడారని అడిగాడు. నేనేనని చెప్పాను. రోజూ చెప్పినట్టే చెప్పాను, అంటే పెదవులు కదిపాను. బాపు మిషను తీసి చూసి, చక్రం తిప్పి, "బందైంది. ఇంతసేపు గీడ ఒక పిల్ల మాట్లాడింది గదా," అన్నాడు. నాతో కొట్లాడిన పిల్లకు భయం వేసింది. "ఈమెనే కాకా మాట్లాడింది, నేను కాదు," అంది గట్టిగా. అచ్చ తెలుగులో. బాపు తల చటుక్కున ఆ పిల్ల వైపు తిరిగింది.

అమ్మ బాపు వెనకే వచ్చి నిలబడి ఉంది. ఆ పిల్ల మొహం చూసింది, నా మొహం చూసింది. అప్పుడు తట్టింది ఆమెకు. తంబాకు అంటిన అరచేయి తెచ్చి నా గొంతు మీద పెట్టింది.

"గొంతు తీయి," అంది. "బాపుతోని గొంతు తీసి మాట్లాడు. ఎవ్వలం గొంతు తీస్తలేము గదనే."

నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బాపుతో గొంతుతో మాట్లాడలేదు. అది సిగ్గుగా ఉంది, పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు తప్పుగా కూడా ఉంది. నల్లాలోంచి నీళ్ళు బిందె నిండి పొర్లిపోతున్నాయి, ఎవరూ కట్టేయలేదు.

"బాపూ," అన్నాను.

బాపు బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. ఇంకోపారి అనమన్నాడు. మళ్ళీ అన్నాను. ఇంకేమైనా అనమన్నాడు. నాకు ఇంకేమీ తోచక, "బిందె నాదే ముందు," అన్నాను. బాపు నవ్వాడు, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను జీవితంలో చాలా మంది మాటలు విన్నాను, నా మాటలు కూడా చాలా మంది విన్నారు. అంత సంతోషంగా నా మాట విన్న మనిషి మళ్ళీ దొరకలేదు.

"సన్నగ ఉంటదనుకున్న," అన్నాడు అమ్మతో. "కాదు. మా అవ్వ గొంతే వచ్చింది దీనికి."

గుమ్మంలోంచి నాయనమ్మ, "నా గొంతొస్తే ఏం తక్కువైంది?" అంది, ఈసారి గొంతుతోనే. బాపు అటు తిరిగాడు. తమ్ముడు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, జేబులోని పెట్టె మీద నోరు పెట్టి సైకిల్ గురించి అరిచాడు. బాపు చెవిలోని బిళ్ళ పీకేసి, వాడి వీపు మీద ఒకటి వేసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం చౌక్‌కు పోయి జరిగింది చెబితే రేడియోవాలా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాడట. మిషను మా దగ్గరే ఉండిపోయింది. నాయనమ్మ మాత్రం తన తీర్పు వెనక్కు తీసుకోలేదు. ఇన్ని రోజులు మన ఇంట్లో ఉంది కదా, అందుకే తెలుగు నేర్చుకుందని అందరికీ చెప్పుకునేది.

అమ్మ సంగతి వేరు. నాకు దారి చూపించిన మనిషే, తన వంతు వచ్చేసరికి వెనక్కు తగ్గింది. మేము ఎంత చెప్పినా బాపు ముందు పెదవులే కదిపేది. చివరికి ఒక సాయంత్రం, బీడీలకు దారం కడుతూ, తల ఎత్తకుండా, "చాయ్ పెట్టాల్నా?" అంది గొంతుతో. బాపు, "నీ గొంతు మారింది," అన్నాడు. అమ్మకు కోపం వచ్చింది. ఆ కోపం వారం రోజులు పెదవుల మీదే నడిచింది. తర్వాత ఒకసారి ఆమె నాయనమ్మతో అంటుంటే విన్నాను: "పెండ్లైన కొత్తల ఎట్ల మాట్లాడిన్నో గదే గ్యాపకం ఉంది ఆయనకు. గా పిల్లను నేనేడికెల్లి తేవాలె?" నాయనమ్మ ఇంకో ఆకు తీసి కోసుకుంది.

ఆ తర్వాత మెల్లగా అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. బాపు మిషను పెట్టుకునేది సాయంత్రాలు మాత్రమే, సాంచాలు ఆగాక. మిగతా రోజంతా పెదవులే. కాబట్టి మా ఇంట్లో సాయంత్రమంటే గొంతులు వచ్చే వేళ. మాకు నష్టమే జరిగింది, రొట్టె చాటు ఏర్పాట్లు ఇక సాగలేదు. మిషనులోకి ఎంత జాగ్రత్త పడినా నూగు చేరింది, తీగ విరిగింది, అతికిస్తే గరగరలాడింది. రేడియోవాలా ఉన్నన్ని రోజులు దాన్ని బతికిస్తూ వచ్చాడు. తర్వాత చెవి వెనక పెట్టుకునే చిన్నవి వచ్చాయి. బాపు వద్దన్నాడు. కొత్తదానికి మళ్ళీ తెలుగు నేర్పాలి కదా అన్నాడు, నవ్వుతూ.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో గోదాము పెట్టుకున్నారు. సాంచాలు తుక్కు కింద పోయాయి. అమ్మ, బాపు, నాయనమ్మ ఎవరూ లేరు. సాంచాల చప్పుడులో నూలు కండెలు చుట్టి చుట్టి నా చెవులు కూడా బాపు దారినే పట్టాయి, ఆశ్చర్యపోయేదేమీ లేదు. జెర్రి ఇప్పుడు కాళ్ళు లేకుండా, కంటికి కనబడనంతగా, మా మనవలు ఆడుకునే బొమ్మల్లో కూడా ఉంది. గొంతు లేకుండా మాట్లాడటం తెలిసినవాళ్ళు మాత్రం మా ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

రోజూ మాట్లాడినట్టే మాట్లాడండి అని ఆ అమ్మాయి చెప్పి, ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూస్తోంది. తమ్ముడు కుర్చీ నా ముందుకు లాక్కున్నాడు. పెదవులు విడమర్చి, నిదానంగా కదిపాడు. గొంతు తీయలేదు. నాకు ఫ్యాను వినబడింది, బయట ఆటో వినబడింది.

"ఐకూ ఆలం కా, ఆజీ?" అని అడిగింది ఆ అమ్మాయి. వినబడలేదని తల ఊపాను. ఆమె కనుబొమలు ముడేసి ఫోను మీద ఏదో జరిపింది, తమ్ముణ్ణి ఇంకోసారి మాట్లాడమంది. వాడు మళ్ళీ అదే అన్నాడు, చప్పుడు లేకుండా, ఆ శనివారం గుమ్మం దగ్గర బాపు అడిగిన మాట.

ఎవల పిల్లనే అది?

నేనూ గొంతు తీయకుండానే చెప్పాను, నేనే బాపూ అని.